అమ్మ పేరు పండిన తోట

వేదిక మీద హోరెత్తించే రాక్ గాయకుడు ఒకరు. చేతులకు మట్టి అంటించుకుని ద్రాక్షతోటలో తిరిగే రైతు మరొకరు. ఇద్దరూ ఒక్కరే! ఆ ఇద్దరినీ కలిపింది ఎవరో తెలుసా? ఇరవై ఏడేళ్లు పక్షవాతంతో బతికిన ఒక తల్లి.

రాక్ సంగీతం అనగానే మనకేం గుర్తొస్తుంది? చెవులు చిల్లులు పడే గిటార్లు, డ్రమ్ముల దడదడ, జుట్టు విరబోసుకుని ఊగిపోయే కుర్రాళ్లు... గదిలోంచి ఆ మోత వినబడితే 'ఏంట్రా ఆ గోల, కాస్త తగ్గించు' అని కేకెయ్యని అమ్మ ఉండదు.

ఇక వైన్ అంటారా? మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్లో నిజంగా వైన్ కొనేవాళ్లు అరుదు. అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేవి బ్రాందీ, విస్కీ, బీరు. అందుకే ఆ మాట వింటేనే ఆడవాళ్ల మొహం చిట్లుతుంది. అందులో తప్పేం లేదు. సీసా ఎన్ని సంసారాల్ని వీధిన పడేస్తుందో తెలుగు ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట పేరు దేశమంతా మోగించిన సారా వ్యతిరేక ఉద్యమం వాళ్లదేగా!

అయినా ఈ కథ చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది తాగుడు గురించి కాదు. ఒక అమ్మ గురించి, ఆమె పేరు నిలబెట్టడానికి కొడుకు ఎంచుకున్న విచిత్రమైన దారి గురించి.

పేరుంటే చాలా?

రాక్ తారలకూ వైన్‌కూ చుట్టరికం కొత్తదేమీ కాదు. ఆస్ట్రేలియాకు చెందిన 'ఏసీ/డీసీ' బ్యాండ్ పేరుతో 2011లో అక్కడి మార్కెట్లోకి వైన్ సీసాలు వచ్చాయి. వాటికి పెట్టిన పేర్లు కూడా ఆ బ్యాండ్ హిట్ పాటలవే. తయారుచేసింది వార్‌బర్న్ ఎస్టేట్ అనే వైన్ కంపెనీ. ఇలాంటి ఒప్పందంలో తారల వంతు ముఖ్యంగా పేరు ఇవ్వడమే. తోటలో కలుపు తీసేదీ, పళ్లు కోసేదీ వేరేవాళ్లు. మన దగ్గర సినిమా తారలు సబ్బులకూ, చీరల దుకాణాలకూ ప్రకటనలు చెయ్యడం లాంటిదే అనుకోండి.

కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. ఒకప్పటి 'పోలీస్' బ్యాండ్ గాయకుడు స్టింగ్, ఆయన భార్య ట్రూడీ స్టైలర్ 1990ల చివర్లో ఇటలీలో 'ఇల్ పలాజియో' అనే పాత ఎస్టేటు కొన్నారు. ఫ్లారెన్స్ నగరానికి దక్షిణాన ఉంటుందది. పాడుబడ్డ తోటల్ని బాగుచేయించారు. అక్కడి వైన్లకు కూడా పాటల పేర్లే. అమెరికాలోని వర్జీనియాలో గాయకుడు డేవ్ మాథ్యూస్ 2000లో 'బ్లెన్‌హైమ్' ద్రాక్షతోట మొదలుపెట్టాడు. 2008లో అక్కడ వైన్ తయారీ బాధ్యత చేపట్టింది కిర్‌స్టీ హార్మన్ అనే మహిళ.

మరి గాయని 'పింక్' సంగతి వింటే ముచ్చటేస్తుంది. అసలు పేరు అలీషా మూర్. స్టేడియంలో తాళ్లకు వేలాడుతూ, గాల్లో పల్టీలు కొడుతూ పాడే సాహసి. ఆమెకు ద్రాక్ష మీద మనసు పడింది. ఎవరో పండిస్తే తన పేరు అచ్చేసుకుంటే సరిపోయేది. కానీ అలా చెయ్యలేదు. ఊరూరా కచేరీలు చేస్తూనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ కోర్సులో చేరి ద్రాక్షసాగు, వైన్ తయారీ పాఠాలు చదువుకుంది. 2013లో శాంటా బార్బరా ప్రాంతంలో సేంద్రియ ద్రాక్షతోట కొంది. తన పేరు పెద్దగా వేసుకోకుండా 'టూ వుల్వ్స్' అనే పేరుతో 2018లో తొలి సీసాలు అమ్మకానికి పెట్టింది. అంటే తోట చేతికొచ్చాక అయిదేళ్లు ఆగిందన్నమాట! ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, పాడుకుంటూ, పరీక్షలు రాసుకుంటూ...

పాట మారితే రుచి మారుతుందట!

పాటకు అంత మహిమ ఎక్కడిది అనుకుంటున్నారా? ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సూపర్‌మార్కెట్లో తమాషా ప్రయోగం చేశారు. వైన్ అర దగ్గర ఒకరోజు ఫ్రెంచి బాణీలు, ఒకరోజు జర్మన్ బాణీలు వినిపించారు. ఫ్రెంచి సంగీతం మోగిన రోజు ఫ్రెంచి వైన్, జర్మన్ సంగీతం మోగిన రోజు జర్మన్ వైన్ ఎక్కువగా అమ్ముడయ్యాయి. విచిత్రమేమంటే, కొన్నవాళ్లలో చాలామంది 'సంగీతానికీ నేను కొన్నదానికీ సంబంధమే లేదు' అన్నారు! 1997లో 'నేచర్' పత్రికలో వచ్చింది ఈ సంగతి. ఆ పరిశోధకుల్లో ఒకరైన ఏడ్రియన్ నార్త్ 2008లో స్కాట్లండులో ఇంకో ప్రయోగం చేశాడు. ఒకే వైన్‌ను గంభీరమైన సంగీతం వింటూ రుచి చూసినవాళ్లు 'ఘాటుగా ఉంది' అన్నారు. సున్నితమైన సంగీతం వింటూ చూసినవాళ్లు 'సుకుమారంగా ఉంది' అన్నారు.

చూశారా, చెవి చెప్పిన మాట నాలుక వింటోంది! అందుకే కంపెనీలకు రాక్ తారలంటే అంత మోజు. సీసా మీద అభిమాన బ్యాండ్ బొమ్మ కనబడితే చెయ్యి దానంతటదే చాస్తాం. కానీ ఆ మోజు మొదటి సీసా వరకే. రెండోది కొనాలంటే లోపల సరుకుండాలి.

తన బ్యాండ్ బొమ్మే సీసా మీద వద్దనుకున్నవాడు ఒకడున్నాడు. అసలు కథ అతనిదే.

కొండంత కష్టం

అతని పేరు మేనర్డ్ జేమ్స్ కీనన్. 1964లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నలు విడిపోయారు. నాన్న మిషిగన్ రాష్ట్రానికి వెళ్లిపోయాడు. పిల్లాడు అమ్మ దగ్గరే పెరిగాడు. ఆమె పేరు జుడిత్ మేరీ. దైవభక్తి మెండుగా ఉన్న మనిషి.

1976లో పిడుగు పడింది. జుడిత్ మెదడులో రక్తనాళం ఒకటి బుడగలా ఉబ్బింది. దాని దెబ్బకు ఆమె పక్షవాతం బారిన పడింది. ముప్ఫైల్లోకి అడుగుపెట్టి ఎంతోకాలం కాలేదు అప్పటికి. బిడ్డకు అన్నం పెట్టి బడికి పంపే వయసులో, తనే ఇంకొకరి చేతి సాయం మీద బతకాల్సి వచ్చింది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లాణ్ని మిషిగన్‌లో తండ్రి దగ్గరికి పంపక తప్పలేదు.

ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకున్నవాళ్లకు తెలుస్తుంది ఆ నరకం ఎలా ఉంటుందో. ఒకరోజు, రెండు రోజులు కాదు. జుడిత్ అలా బతికింది సుమారు ఇరవై ఏడేళ్లు. రోజుల్లో లెక్కేస్తే దాదాపు పదివేలు!

కొడుకు పెద్దవాడయ్యాడు. సైన్యంలో చేరాడు. పేరున్న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివే అవకాశం వస్తే వద్దన్నాడు. చిత్రకళ నేర్చుకున్నాడు. లాస్ ఏంజెలెస్ చేరి 1990లో మిత్రులతో 'టూల్' అనే బ్యాండ్ పెట్టాడు. గ్రామీ అవార్డులు వచ్చాయి. లక్షల్లో ఆల్బంలు అమ్ముడయ్యాయి. అయినా తమాషా ఏమిటంటే, కచేరీల్లో తరచూ వెలుగంతా మిగతావాళ్ల మీద పడుతుంటే, అతను వేదిక వెనక చీకట్లో నిలబడి పాడేవాడు.

కోపం ఒక పాట, కన్నీరు ఒక పాట

ఇంత జరిగినా జుడిత్ దేవుణ్ని పల్లెత్తు మాట అనలేదు. ప్రార్థన మానలేదు. కొడుక్కి అదే మింగుడుపడలేదు. నిన్నింత కష్టపెట్టిన దేవుణ్ని ఇంకా ఎలా కొలుస్తావమ్మా అన్న ఆక్రోశం అతనిది. 2000లో 'ఎ పర్‌ఫెక్ట్ సర్కిల్' అనే తన రెండో బ్యాండ్ తొలి ఆల్బంలో ఆ కోపాన్నంతా ఒక పాటలో కక్కేశాడు. పాట పేరేమిటో తెలుసా? 'జుడిత్'!

మంచాన ఉన్న తల్లి నమ్మకాన్ని ఇలా నలుగురిలో నిలదియ్యొచ్చా? అది తప్పో ఒప్పో మనం తేల్చలేం. కానీ కష్టంలో ఉన్నవాళ్ల కన్నా వాళ్లను చూసేవాళ్లకే దేవుడి మీద ఎక్కువ కోపం రావడం మన ఇళ్లల్లోనూ చూస్తుంటాం. 'నాకేంలే తల్లీ, ఆయనే చూసుకుంటాడు' అని అమ్మ అంటుంది. గుడి మెట్టెక్కనని మొండికేసేది కొడుకో కూతురో!

2003లో జుడిత్ కన్నుమూసింది. వయసు 59 ఏళ్లు. మూడేళ్ల తరవాత, 2006లో టూల్ కొత్త ఆల్బం వచ్చింది. పేరు 'టెన్ థౌజండ్ డేస్', అంటే పదివేల రోజులు. అమ్మ కోసం రాసిన రెండు పాటలు అందులో పక్కపక్కనే ఉంటాయి. రెండూ కలిపితే పదిహేడు నిమిషాలు. ఈసారి గొంతులో ఆ ఎత్తిపొడుపు లేదు. ఏ నమ్మకాన్ని చూసి మండిపడ్డాడో, ఆ నమ్మకానికే చేతులెత్తి దండం పెట్టాడు. ఇంత ఓర్చుకున్న ఆమెకు స్వర్గంలో దక్కాల్సింది దక్కి తీరాలన్నాడు. ఆ ఆల్బం అమెరికా అమ్మకాల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో నిలబడింది.

మరి వైన్ ఎక్కడ కలిసిందంటారా? అక్కడికే వస్తున్నాం.

దెయ్యాల ఊళ్లో ద్రాక్షతోట

ఆరిజోనా రాష్ట్రంలో జెరోమ్ అని చిన్న ఊరుంది. కొండకు అతుక్కున్నట్టుండే ఇళ్లు, సుమారు అయిదువేల అడుగుల ఎత్తు. ఒకప్పుడు రాగి గనులతో వేలమంది జనంతో కిటకిటలాడింది. గనుల్లో పేలుళ్లకు నేల ఎంతగా కదిలిందంటే, ఊళ్లోని జైలు భవనం పునాదులతో సహా రెండువందల అడుగులకు పైగా కిందికి జారిపోయింది! 1953లో గనులు మూతపడ్డాయి. జనం మూటా ముల్లె సర్దుకున్నారు. ఊరు ఖాళీ అయింది. అందరూ దాన్ని దెయ్యాల ఊరు అన్నారు. తరవాత తరవాత చిత్రకారులు, చేతిపనుల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఇప్పుడక్కడ ఉండేది నాలుగైదు వందల మంది.

1990ల మధ్యలో కీనన్ లాస్ ఏంజెలెస్ వదిలి ఆ ఊరొచ్చేశాడు. చుట్టూ రాళ్లూ, సున్నపు మట్టీ, ఎండా. పగలు మండిపోతుంది, రాత్రి చలేస్తుంది. 'ఇక్కడ ద్రాక్ష పండితే బాగుంటుంది' అన్నాడట. విన్నవాళ్లు నవ్వి ఉంటారు. ఎడారిలో ద్రాక్షా అని! కానీ వైన్‌కు పనికొచ్చే ద్రాక్ష స్వభావం వేరు. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు పందిళ్ల మీద విరగకాసిన అనాబ్‌షాహీని ఊహించుకోకండి. అవి తినే పళ్లు. పెద్దవి, నీరెక్కువ. వైన్ ద్రాక్ష చిన్నగా, గింజలతో, మందపాటి తొక్కతో ఉంటుంది. నేల మరీ సారవంతమైతే ఆకు పెరుగుతుంది తప్ప పండులో పస ఉండదు. రాళ్ల నేలలో, తక్కువ నీటితో, పగలు వేడీ రాత్రి చల్లదనం ఉన్నచోట రుచి చిక్కబడుతుంది. కష్టపడ్డ తీగే మంచి పండునిస్తుందన్నమాట.

దగ్గర్లో పేజ్ స్ప్రింగ్స్‌లో ఎరిక్ గ్లామ్‌స్కీ అనే వైన్ తయారీదారు ఉన్నాడు. కాలిఫోర్నియాలో పని నేర్చుకొచ్చిన మనిషి. గాయకుడు ఆయన దగ్గర శిష్యుడిలా చేరాడు. తన వైనరీకి 'కడూసియస్' అని పేరు పెట్టుకున్నాడు. కొండవాలును మెట్లుగా చెక్కి తీగలు నాటాడు. ఇద్దరూ కలిసి రాష్ట్రానికి ఆగ్నేయాన ఉన్న విల్‌కాక్స్ ప్రాంతంలో పెద్ద తోట కూడా తీసుకున్నారు. తరవాత ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.

తోట అంటే మాటలా?

పాట నచ్చకపోతే చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. తోటలో ఆ వెసులుబాటు లేదు. తీగ నాటాక సరైన పంట కోసం మూడేళ్లు ఆగాలి. వసంతంలో చిగురు వేసే వేళ ఒక్క రాత్రి మంచు గట్టిగా పడితే చాలు, ఏడాది పంట సగం పోయినట్టే. జులై, ఆగస్టుల్లో అక్కడా మనలాగే రుతుపవనాల వానలు. పండు పక్వానికొచ్చే సమయంలో తడి పడితే గుత్తులు కుళ్లిపోతాయి. ఇవి చాలవన్నట్టు అడవిపందుల్లాంటి జావెలీనాలు, వేళ్లు కొరికే ఎలుకజాతి జీవాలు, జింకలు, పిట్టలు. తోట మొత్తానికి వలలు కట్టుకోవాలి.

కోశాక పని అయిపోయిందా? లేదు. ఎర్ర వైన్‌కు పళ్లను తొక్కలతోనే చిదిమి పులియబెడతారు. రంగంతా తొక్కలోంచే వస్తుంది. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలి గట్టి పొరలా కడతాయి. రోజుకు రెండు మూడుసార్లు వాటిని లోపలికి నొక్కుతూ ఉండాలి. తరవాత రసం పిండి, ఓక్ చెక్క పీపాల్లో పోసి, నెలల తరబడి ఆగాలి. ఆవకాయ జాడీ ఊరేదాకా ఆగే ఓపికను ఏడాది, రెండేళ్లకు సాగదీస్తే ఎలా ఉంటుందో అలాగ.

2010లో 'బ్లడ్ ఇన్‌టు వైన్' అని ఈ తోట మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. జేమ్స్ సక్లింగ్ అనే పేరున్న వైన్ విమర్శకుడు ఆరిజోనా వైన్లను రుచి చూడటం అందులో కనిపిస్తుంది. వేలమంది ముందు పాడేవాడు, ఒక్కడి నాలుక ఏం చెబుతుందోనని చూడాల్సి వచ్చింది!

2006 ఆల్బం తరవాత టూల్ నుంచి మళ్లీ కొత్త ఆల్బం వచ్చింది 2019లో. ఆ పదమూడేళ్ల ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. అభిమానులు మాత్రం తోటను ఆడిపోసుకున్నారు. వాళ్లకు కనబడనిదేమిటంటే, పాట రాకపోయినా పంట ఆగలేదు.

ఆ లోయకూ దశ తిరిగింది. 'వెర్డీ వేలీ'కి 2021లో అమెరికా ప్రభుత్వం ద్రాక్షసాగు ప్రాంతంగా ప్రత్యేక గుర్తింపునిచ్చింది. పక్కనే క్లార్క్‌డేల్‌లో యావపై కాలేజీ ద్రాక్షసాగు, వైన్ తయారీ నేర్పుతోంది. గనులు మూతపడి జనం వదిలేసిన చోట కుర్రవాళ్లకు మళ్లీ మట్టిలో పని దొరుకుతోంది.

మట్టిలో అమ్మ

ఇప్పుడు అసలు విషయం. జుడిత్ చనిపోయాక కొడుకు ఆమె చితాభస్మాన్ని తన తోటలో చల్లాడు. మనం గోదావరిలోనో కృష్ణలోనో కలుపుతాం. అతను తను పెంచే తీగల మొదట్లో కలిపాడు. ఆ వైన్‌కు 'నాగ్వాల్ డెల్ జుడిత్' అని పేరు పెట్టాడు. నాగ్వాల్ అనేది మెక్సికో ప్రాంతపు మూలవాసుల మాట. మనిషికి తోడుండే, రూపం మార్చుకోగల ఆత్మ అనుకోవచ్చు. సీసా మీద టూల్ పేరు లేదు, అతని బొమ్మా లేదు. ఉన్నది అమ్మ పేరు!

అదేదో అక్కరకు రాని ఆర్భాటం, బతికుండగా చెయ్యాల్సింది పోయాకెందుకు అని మీకనిపించొచ్చు. న్యాయమైన మాటే. కానీ ఒక్కటి గమనించండి. మంచానపడ్డ మనిషికి కావలసింది ఏమిటి? పొద్దున్నే ఎవరో ఒకరు లేచి, మొహం తుడిచి, పక్క సర్ది, తినిపించి, మళ్లీ రేపూ అదే చెయ్యడం. దానికి చప్పట్లు ఉండవు. పదివేల రోజులూ అదే పని. ద్రాక్షతీగ కోరేదీ అదే. ఇవాళ కత్తిరించాలి, రేపు కట్టాలి, ఎల్లుండి నీళ్లు చూడాలి. ఈ ఏడాది అయిపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదలు. పదకొండేళ్ల వయసులో అమ్మ దగ్గర్నుంచి దూరమైన పిల్లాడు ఆమె పేరు పెట్టుకున్న పని ఇలాంటిది కావడం నాకైతే యాదృచ్ఛికం అనిపించదు. పాట మూడు నిమిషాల్లోనో పదిహేడు నిమిషాల్లోనో అయిపోతుంది. సేవకు ముగింపు ఉండదు.

ఇదంతా చదివి వైన్ మంచిదేమో అనుకునేరు! మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఈ కథలో నేర్చుకోవలసింది సీసాలో లేదు.

మన ఇళ్ల ముందు పాలరాతి పలక మీద 'మాతృశ్రీ నిలయం' అని చెక్కిస్తాం. ఏడాదికోసారి తద్దినం పెడతాం, నలుగురికి భోజనం పెడతాం. మంచిదే. అయితే ఆమె చేతి మీదుగా రోజూ జరిగిన పని ఒకటుంటుంది కదా... పెరట్లో మల్లెపాదుకు నీళ్లు పొయ్యడమో, ఊరగాయ పట్టడమో, పక్కింటి పిల్లలకు అక్షరాలు దిద్దించడమో. ఆ పని ఆగిపోకుండా ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు? పేరు పలక మీద ఉంటే చాలదు. పొద్దున్నే లేచి మల్లెపాదుకు నీళ్లు పోసేవాళ్లు ఒకరుండాలి.